కళ్లంలో కావలివాడి పాలు

మా ఊరి ఇల్లు సాత్తూరుకూ కోవిల్‌పట్టికీ నడుమ, కరిసల్ నేలలో ఉంది. నల్లరేగడిని అక్కడ కరిసల్ అంటారు, మేమూ అట్లే అంటాం. సుమారు ఇరవై ఏళ్ల కిందట, ఇంట్లో ఎవరూ లేని ఒక రాత్రి ఆ ఇంట్లో దొంగలు పడ్డారు. ఇత్తడి గంగాళం, రెండు ఉరుళులు, పూజగదిలోని కుత్తువిళక్కు జత, చెక్కపెట్టెలో ఉన్న పాత పట్టు చీరలు పోయాయి. పెరటి తలుపుకు వేసింది దిండుగల్లు తాళం. దాని మీద గీత కూడా పడలేదు. గొళ్లేన్నే మరమేకులతో సహా ఊడబెరికారు. వేసిన తాళం వేసినట్టే ఉంది, తలుపు మాత్రం తెరిచి ఉంది.

కబురు తెలిసినప్పుడు మదురైలో మా అవ్వ అన్న మొదటి మాట మాకు ఇంకా గుర్తుంది. "కావలి ఉండే కాలమైతే ఇట్ల జరిగేదా?" అంది. కావలి అంటే ఏదో వాచ్‌మన్ సంగతి అనుకున్నాం. ఆ తర్వాత ఇల్లు సర్దుతుంటే ఇనప్పెట్టె అడుగున తాతల నాటి కణక్కు పుస్తకం బయటపడింది. లిపి తమిళం, మాటలు సగం తెలుగు. మన ఇళ్లల్లో చాలా కాగితాలు ఇట్లాగే ఉంటాయి కదా. ప్రతి ఏడూ పంట లెక్క చివర వడ్లంగికి ఇంత, కమ్మరికి ఇంత, చాకలికి ఇంత, మంగలికి ఇంత అని కంబు, జొన్న కొలతలు రాసి ఉన్నాయి. ఆ వరసలోనే మరో పంక్తి, "కావలికి" అని. చాకలికిచ్చిన దానికంటే ఎక్కువ గింజలు. రౌద్రి నామ సంవత్సరం దాకా ఆ పంక్తి వస్తూనే ఉంది. ఆ తర్వాత లేదు.

ఆ పంక్తి వెనక ఉన్న కథ మన కుటుంబాలన్నింటిదీ. దక్షిణ తమిళనాడులో కుదురుకున్న తెలుగు ఇళ్లవాళ్లు ఎవరైనా ఈ కావలి లెక్కలో ఒక పక్కనో, రెండో పక్కనో ఉన్నవాళ్లే.

ముందు ఆనాటి ఇల్లు ఎట్లా ఉండేదో చూడాలి. మట్టి గోడ, మీద తాటాకు కప్పు. కలిగినవాళ్లదైతే సున్నపు గారతో కట్టిన కారై ఇల్లు. వీధి వైపు కిటికీలు లేనట్టే, ఉన్నా చేయి పట్టేంత. గుమ్మం ఎంత ఎత్తు తక్కువంటే లోపలికి పోవాలంటే తల వంచాల్సిందే. లక్ష్మికి నమస్కారం అని పెద్దవాళ్లు చెబుతారు. వంగిన మెడ లోపలివాడి చేతికి అందుతుందన్నది చెప్పని సంగతి. తలుపు వెనక గోడలోంచి గోడలోకి పోయే అడ్డగడియ. నడిమింట్లో ముత్తం ఆకాశానికి తెరిచి ఉంటే దాని మీద ఇనప కమ్ముల చట్రం. బంగారం గులుక్కై అడుగున, అంటే మట్టితో చేసిన గాదెలో గింజల కింద. తలుపు ఇంత గట్టిగా ఉంటే దొంగ తలుపు జోలికి ఎందుకు పోతాడు? వెనక గోడకు కన్నం వేస్తాడు. తెలుగులో కన్నపుదొంగ అన్న మాట అందుకే పుట్టింది. తడిసిన మట్టి గోడకు కన్నం వేయడం పెద్ద పనేమీ కాదు.

ఈ విద్య ఎంత పాతదంటే, శూద్రకుడి మృచ్ఛకటికంలో మూడో అంకమంతా దీని మీదే నడుస్తుంది. చారుదత్తుడి ఇంటికి కన్నం వేసే శర్విలకుడు కొలతాడు మరిచి వచ్చి, జంధ్యంతో గోడ కొలుస్తాడు. తాను దూరే ముందు లోపల ఎవరైనా మేలుకున్నారేమో తెలుసుకోవడానికి ఒక బొమ్మ మనిషిని లోపలికి దూరుస్తాడు. కర్ర చివర తలపాగా చుట్టి ముందు దాన్ని లోపలికి పెడతారని మా అవ్వ చెప్పేది. ఆమె సంస్కృత నాటకం చదివింది లేదు.

ఇంగ్లీషువాళ్ల చట్టం కూడా ఇదే దొంగను ముందు పెట్టుకుని రాశారు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 445వ సెక్షను ఇల్లు పగలగొట్టడం అంటే ఏమిటో చెప్పి, కింద ఉదాహరణలు ఇచ్చింది. మొదటిదే గోడకు కన్నం వేసి చేయి పెట్టడం. తర్వాత కిటికీలోంచి దూరడం, తలుపు రంధ్రంలోంచి తీగ పెట్టి గడియ లేపడం, ఇంటాయన పారేసుకున్న తాళంచెవి దొరికితే దాంతో తలుపు తీయడం, వాకిట్లో ఉన్న కాపలావాణ్ణి కొడతానని బెదిరించి లోపలికి పోవడం, ఇట్లా. ఊరి పెద్దలు మాట్లాడుకుంటుంటే పక్కన కూర్చుని రాసుకున్నట్టుంటుంది. మా ఇంటి పెరటి తలుపు ఈ జాబితాలో ఎక్కడ పడుతుందా అని మేమూ చూసుకున్నాం.

గోడ దొంగను ఆపదని ఊరికి తెలుసు. అందుకే గోడను నమ్మకుండా మనిషితో ఒప్పందం చేసుకుంది. అదే కావలి.

మన పూర్వులు ఈ నేలకు వచ్చిన కాలానికి మదురైలో విశ్వనాథ నాయకుడి పాలన మొదలైంది. 1529 అని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. దేశాన్ని 72 పాళెయాలుగా పంచి, ఒక్కొక్కటి ఒక్కో పాలెగాడి చేతిలో పెట్టారన్నది సంప్రదాయంగా వస్తున్న మాట. పాలెగాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు, మరవర్లూ ఉన్నారు. ఎట్టయపురం, పాంచాలంకురిచ్చి ఏలినవి తెలుగు మాట్లాడే రాజకంబళం కుటుంబాలే. పాలెగాడు సైన్యం పంపాలి, కప్పం కట్టాలి, తన హద్దులో ఊళ్లకు కావలి కాయాలి. తన సొంత ఊళ్ల కావలిని స్థలకావలి అన్నారు. తనవి కాని ఊళ్లను కూడా కాపాడతానని వాటి దగ్గర పుచ్చుకునేది దేశకావలి. ఈ రెండోదే గొడవలకు మూలం. బలం ఉన్న పాలెగాడు అడగని కాపలా కాసి అడిగినంత వసూలు చేసేవాడు. ఇవ్వని ఊరి పశువులు మర్నాటికి కనపడకపోతే, ఎవరు తోలుకుపోయారో అడగాల్సిన పని ఉండేది కాదు.

కింద ఊరి స్థాయిలో కావలి కాసింది మా వైపు మరవర్లు, మదురైకి పడమట ఉసిలంపట్టి వైపు పిరమలై కళ్లర్లు. ఇంకా తలయారి ఉండేవాడు. ఆంధ్ర దేశంలో తలారి అన్నా ఇక్కడ తలైయారి అన్నా ఒకే ఉద్యోగం, మాట కూడా దాదాపు ఒకటే. అక్కడినుంచి వచ్చినవాళ్లకు ఇక్కడ ఈ ఏర్పాటు కొత్తగా అనిపించి ఉండదు.

ఒప్పందంలో అసలు కీలకం ఇది: కావలికాడు కూలి తీసుకుంటాడు, సొత్తు పోతే బాధ్యత అతనిది. దొంగను పట్టాలి, లేకపోతే పోయిన దాని విలువ తానే ఇచ్చుకోవాలి. అందుకే కళ్లంలో గింజలు ఇంటికి చేరకముందే అతని పాలు కొలిచి పక్కన పెట్టేవాళ్లు. దీనికి ఇంకో ముఖమూ ఉంది, దాచి లాభం లేదు. పోయిన ఎద్దుల జాడ చెప్పినందుకు తుప్పుకూలి అని పుచ్చుకునేవాళ్లు. తుప్పు అంటే తమిళంలో జాడ. ఆ జాడ చెప్పేవాడికి జాడ ఎట్లా తెలిసిందని అడిగితే ఎద్దులు తిరిగిరావు. కావలికాడికీ దొంగకూ చుట్టరికం ఉందని ఊరందరికీ తెలుసు. ఆ చుట్టరికం ఉండబట్టే అతను కావలికి పనికొచ్చాడు.

మదురైలో తిరుమల నాయకుడి మహలు చూడబోయినవాళ్లు ఈ కథ వినే ఉంటారు. ఒక దొంగ పైకప్పుకు కన్నం వేసి, దిగి, రాజు నగలు ఎత్తుకుపోయాడట. నగలు తెచ్చి ఇచ్చినవాడికి జాగీరు ఇస్తానని రాజు చాటించాడట. దొంగ తెచ్చి ఇచ్చాడు. రాజు మాట తప్పకుండా జాగీరు రాయించి ఇచ్చి, వెంటనే తల తీయించాడని కథ. చిన్నప్పుడు మాకు ఇది రాజు తెలివికి గుర్తుగా చెప్పారు. ఉసిలంపట్టి వైపు ఇళ్లల్లో ఇదే కథ చెబితే, నమ్మి వచ్చిన మనిషిని చంపిన కథగా వినపడుతుంది.

పాలెగాళ్ల కాలం ఎట్లా ముగిసిందో మనవాళ్లకు చెప్పక్కర్లేదు. 1799 అక్టోబరు 16న కయత్తారులో కట్టబొమ్మన్‌ను ఉరి తీశారు. 1801లో రెండో యుద్ధం అయ్యాక కోటలు కూలగొట్టారు, ఆయుధాలు పెట్టుకోకూడదని చాటింపు వేశారు. దేశకావలి వసూళ్లు కంపెనీ ఆపేసింది. లొంగి ఉన్న పాలెగాళ్లు జమీందార్లయ్యారు. 1816లో కంపెనీ ఒక రెగ్యులేషను తెచ్చి ఊరి పోలీసు పని గ్రామ పెద్దకు అప్పగించి తలయారిని అతని కింద పెట్టింది. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చి, జీతం తీసుకునే కానిస్టేబులు వచ్చాడు. కానిస్టేబులు దొంగను పట్టుకున్నా పట్టుకోకపోయినా జీతం జీతమే. పోయిన సొమ్ముకు అతను పూచీ కాదు. అందుకే చట్టం కావలిని తీసేసినా ఊళ్లు దాన్ని వదల్లేదు. ఇంకో వంద ఏళ్లు ఆ గింజలు కొలుస్తూనే వచ్చాయి.

మదురై పట్టణంలో కూడా అదే వరస. నాయకుల నాటి కోటగోడను 1840 ప్రాంతంలో కలెక్టరు బ్లాక్‌బర్న్ పడగొట్టించాడు. ఊరు ఇరుకైపోయిందని కారణం. ఆ పని చేయించిన సర్వేయరు మారెట్ పేరూ, పెరుమాళ్ మేస్త్రి పేరూ వీధులకు నిలిచిపోయాయి. వెలి వీధుల్లో నడిచేవాళ్లు పాత కోట చుట్టూతా నడుస్తున్నట్టే. గోడ పోయాక రాత్రి కాపలా అంతా వీధుల కావలికాళ్ల మీదే పడింది. సు. వెంకటేశన్ తమిళంలో రాసిన 'కావల్ కోట్టం' నవల సంగతంతా ఇదే. 2011లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తమిళం చదవగలిగిన పిల్లలకు తప్పకుండా ఇవ్వండి. లావుపాటి పుస్తకం, కానీ మన చరిత్ర కూడా అందులో ఉంది.

కావలిని ఊళ్లే ఎదిరించిన సందర్భమూ ఉంది. 1896లో దిండుగల్లు వైపు ఊళ్లు కళ్లర్ల కావలి ఇక వద్దని కట్టుకట్టాయి. ఊరంతా కలిసి డబ్బు పోగేసి, ఎవరి పశువు పోయినా ఆ నిధిలోంచి ఇచ్చుకున్నారు. దొంగల అలికిడి అయితే ఊదడానికి కొమ్ములు పంచుకున్నారు. కొమ్ము వినపడితే మగవాళ్లంతా బయటికి రావాలని కట్టడి. అంతా బాగానే ఉంది గానీ, ఆ కోపంలో కళ్లర్ల ఇళ్లూ తగలబడ్డాయి, వాళ్లూ ఊళ్లు వదిలి పోవలసి వచ్చింది. ఇల్లు కాపాడుకోవడం అనే పని ఎక్కడ ఆగి, ఇంకొకరి ఇల్లు కాల్చడం ఎక్కడ మొదలవుతుందో ఆ రోజుల్లో తేడా చూసినవాళ్లు తక్కువ.

తర్వాత వచ్చింది నేరస్థ జాతుల చట్టం. ఉత్తర దేశంలో 1871లోనే మొదలైంది, 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. పుట్టుకతోనే దొంగలని కొన్ని కులాలను పట్టికలో ఎక్కించి, వేలిముద్రలు తీసి, ఊరు దాటాలంటే అనుమతి పుచ్చుకోవాలని పెట్టారు. పిరమలై కళ్లర్లను అందులో చేర్చారు. మరవర్లలో కొన్ని శాఖలనూ చేర్చారు. తెలుగు జిల్లాల్లో ఎరుకలవాళ్ల మీద ఇదే చట్టం పడింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం వాళ్లను ఉంచడానికి సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్మెంటుగా పుట్టిన ఊరే. ఆ ఊరి పేరు చెబితే నవ్వే మన చుట్టాలు ఇప్పటికీ ఉన్నారు.

1920 ఏప్రిల్ 3న ఉసిలంపట్టి దగ్గర పెరుంగామనల్లూరులో జనం వేలిముద్రలు వేయమని నిలబడ్డారు. పోలీసులు కాల్చారు. 16 మంది చనిపోయారు, అందులో ఒక స్త్రీ. మా కణక్కు పుస్తకంలో కావలి పంక్తి ఆగిపోయిన రౌద్రి ఆ ఏడే. పెరుంగామనల్లూరు మా ఊరికి చాలా దూరం. ఆ కాల్పులకూ మా లెక్కకూ ముడి పెట్టడం లేదు. కానీ ఆ రోజుల్లో ఈ పక్కనంతా గాలి ఎటు తిరిగిందో ఆ ఖాళీ పంక్తి చెబుతుంది. దొంగలని సర్కారే ముద్ర వేసినవాళ్లకు కావలి గింజలు కొలవడం ఇక పెద్దమనుషుల ఇంటి పని కాదనుకున్నారు.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి. పట్టికలో పేరున్న మగవాడు రాత్రిళ్లు చెప్పిన వేళకు స్టేషన్లోనో, గ్రామ మునసబు దగ్గరో హాజరు చూపించుకోవాలి. మా ముత్తాత గ్రామ మునసబు. అవ్వ ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి, చట్టం చివరి రోజుల్లో, మా ఇంటి తిన్నె మీద ప్రతి రాత్రీ ఏడెనిమిది మంది పడుకునేవాళ్లట. హాజరు వేసుకుని, తెల్లవారేదాకా అక్కడే. "వాళ్లు వాకిట్లో పండుకుంటే మాకు భయమే ఉండలా" అని ఆమె చెప్పేది. వాళ్ల తాతలు అదే తిన్నె మీద కావలి కూర్చున్నవాళ్లు. మనిషి అదే, చోటు అదే, మా నిద్ర కూడా అంతే గట్టిది. కళ్లంలో గింజలు మాత్రం లేవు, చేతిలో ఈటె లేదు, లేచి ఇంటికి పోయే స్వేచ్ఛ లేదు. వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు, పిల్లలు రాత్రంతా ఎవరి కాపలాలో ఉన్నారని మా ఇంట్లో ఎవరూ అడిగినట్టు లేదు.

అవ్వ మాట "కావలి ఉండే కాలమైతే" అన్నది ఏ కాలం గురించి? గింజలు కొలిచిన కాలం ఆమె చూడలేదు. ఆమె చూసింది హాజరు కాలం. మేం చాలా ఆలస్యంగా గమనించాం. అడగడానికి అప్పటికి ఆమె లేదు.

మద్రాసు రాజధానిలో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952లో. మాటల్లోంచి మాత్రం పోలేదు. తమిళంలో దొంగకున్న మాటా, ఒక కులం పేరూ ఒకటే కావడంతో, అన్నం తినకపోతే వాడొస్తాడని మమ్మల్ని భయపెట్టిన మాట ఒక పక్కింటి వాళ్ల పేరు కూడా. తెలుగు ఇంట్లో తమిళ మాటతో భయపెట్టడం ఎందుకో, మన భాషలో దొంగ అన్న మాట లేకనా! మా పిల్లలకు ఆ మాట చెప్పకూడదని ఇంట్లో ఇప్పుడు కట్టడి పెట్టుకున్నాం. పెద్దవాళ్లు అప్పుడప్పుడూ మరిచిపోతారు.

కావలి పోయాక ఇంటికి ఏం మిగిలింది? కుక్క, తాళం, బ్యాంకు.

కుక్క సంగతి మనవాళ్లకు గర్వం. తెలుగు రాజులు కుదురుకున్న రాజపాళయం పేరుతో తెల్లటి వేటకుక్క జాతి ఉంది. 2005లో తపాలా శాఖ నాలుగు దేశవాళీ కుక్కలకు స్టాంపులు వేస్తే అందులో ఇదొకటి. ముక్కు గులాబీ రంగు, ఒళ్లు పాలలా తెలుపు. ఆ తెలుపుతోనే చిక్కు. ఈ జాతిలో పుట్టుచెవుడు ఎక్కువ. మా ఇంట్లో పెంచిన కుక్కా చెవిటిదే. పోస్టుమాన్ వస్తే చూసి మొరిగేది, వెనకనుంచి వస్తే ఎవరినైనా రానిచ్చేది.

తాళం దిండుగల్లుది. ఆ ఊళ్లో ఇప్పటికీ చేత్తో తాళాలు చేస్తారు. మామిడికాయ ఆకారంలో ఉండేదాన్ని మాంగాయ్ పూట్టు అంటారు. లోపల లీవర్లు ఎన్ని ఉంటే అంత గట్టి. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అలీగఢ్ నుంచి వచ్చే చవక తాళాల ధాటికి పని చేసేవాళ్లు తగ్గిపోతున్నారు. ఆ తాళం మోసం చేయలేదని ముందే చెప్పాం. తప్పు మాది. తాళానికి డబ్బు పెట్టి, గొళ్లేన్ని నాలుగు చిన్న మరమేకులతో పాతబడ్డ చెక్కకు బిగించాం. ఇప్పుడు తలుపులో ఇవతలికీ అవతలికీ దూరే బోల్టులు వేసి, లోపల ఇనప పట్టీ పెట్టి బిగించాం. బోల్టు తల బయట గుండ్రంగా ఉండాలి, మర లోపల ఉండాలి. కీళ్ల మేకులు బయటి వైపు ఉంటే తాళం ఎంత గట్టిదైనా తలుపు కీళ్ల వైపునుంచి ఊడి వస్తుంది. ఊళ్లో పాత ఇల్లు తాళం వేసి వచ్చినవాళ్లు ఈసారి పోయినప్పుడు ఈ రెండూ చూసుకోండి.

బంగారం బ్యాంకు లాకరులో పెట్టాం, అందరిలాగే. 2022 జనవరి 1 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, దొంగతనం జరిగినా, బ్యాంకు ఉద్యోగి మోసం చేసినా, బ్యాంకు ఇచ్చేది లాకరు ఏడాది అద్దెకు 100 రెట్లు. లాకరులో ఏముందో బ్యాంకుకు తెలియదు కాబట్టి లెక్క అంతవరకే. ఏడాదికి 3,000 రూపాయల అద్దె అయితే 3 లక్షలు. ఇవాళ్టి ధరలో అది ఎన్ని తులాలో మీరే వేసుకోండి. కళ్లంలో మరక్కాళ్లు కొలిపించుకున్న మనిషి పూర్తి విలువకు పూచీ పడ్డాడు.

ఇక ఇల్లు. ఖాళీ ఇంటిని దొంగ ఎట్లా గుర్తుపడతాడంటే వాకిట్లో ముగ్గు లేకపోవడం చూసి. దాని తర్వాత గేటుకు వేలాడే పేపర్లు, పగలు వెలిగే దీపం. ఊరికి పోతే స్టేషన్లో చెప్పి పొమ్మని పోలీసులు అంటారు, చెప్పాలి కూడా. కానీ ఏడాదికి మూడు వందల రోజులు తాళం వేసి ఉండే మన ఊరి ఇళ్ల సంగతి? కోయంబత్తూరులో ఒకరు, బెంగుళూరులో ఇద్దరు, చెన్నైలో ఒకరు ఉండే కుటుంబం ముగ్గు ఎవరితో వేయిస్తుంది? ఇల్లు అమ్మేద్దామని సగంమంది, వద్దని సగంమంది. ఈ వాదన మా ఇంట్లోనే ఉందని అనుకోం.

ఎదురింట్లో మేం అణ్ణాచ్చి అని పిలిచే పెద్దాయన ఉంటాడు. వాళ్ల తాతలు ఊరి కావలి. వాళ్ల నాయన మా తిన్నె మీద హాజరుకు పడుకున్నవాళ్లలో ఒకడు. రెండేళ్ల కిందట పొంగలికి పోయినప్పుడు కణక్కు పుస్తకం తీసుకుపోయి ఆయనకు చూపించాం. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని తమిళ లిపిలో ఉన్న తెలుగు మాటలను తడుముకుంటూ చదివాడు. కావలికి అన్న చోట వేలు పెట్టి ఆగాడు.

"పేరు రాయలేదే" అన్నాడు తమిళంలో.

చాకలి పేరూ లేదు, కమ్మరి పేరూ లేదని చెప్పాం. ఎవరి పేరూ లేదు, పనే ఉంది. ఆయన తల ఊపి, తర్వాతి పేజీలు తిప్పి, ఆ పంక్తి లేని ఏడాది దగ్గర మళ్లీ ఆగాడు. "హాజరు పుస్తకంలో అయితే పేరుంటుంది. మా నాయన పేరు, వాళ్ల నాయన పేరు, పుట్టుమచ్చలు, అన్నీ. అది మీ ఇంట్లోనే ఉండేది కదా?" అని అడిగాడు. ఆ పుస్తకాన్ని ఎప్పుడో ఎవరో పారేశారు. మేం ఆ మాటే చెప్పాం. ఇంకేం చెప్పాలో తెలియలేదు. ఆయన భార్య కాఫీ తెచ్చింది. ఆమే మాట మార్చి, మీ వాకిలి బోసిగా ఉంటే మాకూ బాగాలేదు, రోజూ ముగ్గు నేను వేస్తున్నా చూశారా, అంది. మేం చూడలేదు. చూసుకుంటే నిజమే, వాకిట్లో ముగ్గు ఉంది.

డబ్బు విషయం ఎత్తడానికి మాకు మొహం చెల్లలేదు. ఆమే అడిగింది, నెలకు ఇంత అని, దబాయించకుండా, తగ్గించకుండా. ఒప్పుకున్నాం. అణ్ణాచ్చి ఇంకో మాట కలిపాడు, ఏదైనా పోతే నేను ఇచ్చుకోలేను, మా తాతల లెక్క నా దగ్గర లేదు అని. అది న్యాయమే.

ఇప్పుడు కణక్కు పుస్తకం చివరి తెల్ల పేజీల్లో ప్రతి నెలా ఆ లెక్క రాస్తున్నాం. ఇద్దరి పేర్లూ రాస్తున్నాం. పెరటి తలుపు రెండో తాళంచెవి వాళ్ల ఇంట్లో ఉంటుంది. బెంగుళూరు పిల్లలు పట్టుబట్టి కెమెరా కూడా పెట్టించారు. మొన్న ఒక రాత్రి రెండు గంటలకు ఫోనులో ఏదో కదిలినట్టు హెచ్చరిక వచ్చింది. నాలుగు వందల మైళ్ల దూరంలో కూర్చుని ఏం చేస్తాం? అణ్ణాచ్చికి ఫోను చేశాం. టార్చి పట్టుకుని పోయి, చుట్టూ తిరిగి, పిల్లి అని చెప్పి పడుకోమన్నాడు.